రాతిలో ఎగిరే పిట్ట

యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసరుగారు చాలాసేపు మాట్లాడి మంచినీళ్ల గ్లాసు అందుకోగానే, మా అత్తగారు తోమె లేచి నిలబడి, "ఇంతకీ అది ఏ పిట్టది బాబూ?" అని అడిగింది.

గని కార్మికుల హాల్లో విసనకర్రలు ఆగిపోయాయి. ప్రొఫెసరుగారు కళ్లజోడు సర్దుకున్నారు. ఆయన చెప్పిందాంట్లో మాకు పట్టుబడిన మాట ఒక్కటే, "న్యూతోరినో." రెండు మూడు వాక్యాలకొకసారి అదే వచ్చింది. మా భాషలో తోరి అంటే పిట్ట. తోరినో అంటే పిట్టది. ముందున్న 'న్యూ' ఏదో చదువుకున్నవాళ్లు తగిలించుకునే గౌరవం కాబోలని అందరం అనుకున్నాం.

"పిట్ట కాదండీ. అదొక కణం. విద్యుదావేశం లేని..."

"పిట్టో, కణమో. దాన్ని కొండలోపల పట్టుకుంటామంటున్నారు గదా. గనిలోకి పిట్ట పోతే ఏమవుతుందో మమ్మల్ని అడగండి. విషగాలి తగిలితే అందరికన్నా ముందు చచ్చేది అదే. మా మామగారి కాలంలో అందుకే పంజరం పట్టుకుని దిగేవాళ్లు."

హాలంతా గొల్లున నవ్వింది. పక్కింటి ఒసుమి నా మోకాలి మీద చరిచి, "ప్రొఫెసరుగారి పిట్ట ఎగిరిపోయిందే కినుయో!" అంది.

నేను నవ్వలేదు. అత్తగారి నడికట్టు కొస పట్టుకుని కూర్చోమని లాగుతున్నాను. నాకు భయం ఎక్కువ. అప్పుడూ అంతే, పళ్లు సగం ఊడిన ఈ వయసులోనూ అంతే. ఎవరైనా చెప్పులు తొడుక్కుంటుంటే చాలు, వీళ్లు మళ్లీ ఈ చెప్పులు ఇక్కడ విడుస్తారా అని గుండె దడదడలాడుతుంది.

ఆ వేసవిలో భయపడటానికి కారణం కూడా ఉంది. మా కొండలో జింకు తరిగిపోతోంది. షిఫ్టులు తగ్గాయి. వరస ఇళ్లల్లో ప్రతి నెలా ఒక తలుపు మూతపడేది. అలాంటప్పుడు యూనివర్సిటీవాళ్లు వచ్చి, కొండ కడుపులో గుడి అంత ఎత్తు గుహ తవ్వి, దాన్నిండా శుభ్రమైన నీళ్లు నింపుతామన్నారు. తవ్వడానికి మనుషులు కావాలి. ఆ మనుషులు మావాళ్లే. ఒసుమి మొగుడు సామాను కట్టుకున్నవాడల్లా మళ్లీ విప్పుకున్నాడు. అంతా బాగానే ఉంది. అడ్డు ఒక్కటే, పాత మూడో సొరంగం. దాన్ని నోటిదాకా కాంక్రీటు పోసి మూసెయ్యాలి. అందులోంచి వచ్చే గాలీ, ఊటా ఆ గుహలో కట్టే నీళ్ల తొట్టి దగ్గరికి చేరకూడదట.

ఆ సొరంగం చివర, కప్పు కూలినచోట, నా భర్త యసుకిచి ఉన్నారు.

ఆయనతో పాటు పోయిన ఇద్దరినీ బయటికి తెచ్చారు. ఆయన బాగా లోపల ఉన్నారు. ఆయన మీద కొండే కూర్చుంది. మనిషిని తియ్యలేకపోయిన సొరంగాన్ని ఇంటివాళ్లు సరేననకుండా మూయకూడదని మా సంఘం కట్టుబాటు. ఇంటివాళ్లంటే నేనూ అత్తగారూ. నన్నడిగితే నేను అత్తగారివైపు చూసేదాన్ని. ఆవిడని అడిగితే తల అడ్డంగా ఊపేది.

ఆవిడ పట్టుదలకి కారణం పిలుపు. గనిలో ప్రాణం పోయినవాణ్ణి మోసుకొచ్చేటప్పుడు ముందు నడిచేవాడు ప్రతి వంపు దగ్గరా ఆగి, పేరు పెట్టి పిలిచి చెప్పాలి. "ఇదిగో, పెద్ద నిచ్చెన దగ్గరున్నాం. ఎడమకి తిరుగుతున్నాం. పైకి పోతున్నాం, రా!" అలా చెప్పకపోతే ఒళ్లు బయటికొచ్చినా మనిషి లోపలే ఉండిపోతాడు, చీకట్లో గోడలు తడుముకుంటూ. యసుకిచిని ఎవరూ పిలవలేదు. కప్పు కూలాక అక్కడ ఏ వంపు ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. సొరంగం నోటి దగ్గర నిలబడి పిలుస్తామని ఆయన జట్టువాళ్లు వచ్చారు. అత్తగారు ఒప్పుకోలేదు. "లేని వంపులు చెప్పి నా కొడుకుని ఎటు పంపుతార్రా?" అంది.

బోన్ పండగనాడు చనిపోయినవాళ్లు ఇళ్లకొస్తారని మా నమ్మకం. అందరూ వాకిట్లో నిప్పు వెలిగించి ఎదురుచూస్తే, ఆవిడ ఆ సొరంగం నోటి దగ్గర లాంతరు పట్టుకుని నిలబడేది. ఆడవాళ్లు లోపలికి పోకూడదు. కొండదేవత కూడా ఆడదే కనక ఓర్వదంటారు. అత్తగారు సొరంగం బయటే నిలబడి, "ఇంత సందుంటే చాలు, ఏనాటికైనా వాడే వెతుక్కుంటాడు," అనేది. ఆ సందునే ఇప్పుడు మూస్తామంటున్నారు.

ప్రొఫెసరుగారు వెళ్లిపోయిన వారానికి మా ఇంటిముందు ఒక సైకిలు ఆగింది. పడిపోయింది అనాలి. దిగినతను స్టాండు వెయ్యడం మరిచిపోయి గుమ్మంవైపు పరిగెత్తుకొచ్చాడు. ముప్ఫై దాటి ఉంటాయి. గడ్డం మీద అన్నం మెతుకు.

అత్తగారు లోపలినుంచే, "మందుల పెట్టెవాడివా? పోయినసారి ఇచ్చిన కడుపునొప్పి మాత్రలు అలాగే ఉన్నాయి. పో పో," అంది.

"మందులవాణ్ణి కాదు అమ్మమ్మా. కుసాకా అంటారు. కిందూళ్లో మిడిల్ స్కూల్లో సైన్సు చెబుతాను. గని ఆఫీసు నెజుగారు పంపారు, ప్రొఫెసరుగారి మాటల్ని మనుషుల మాటల్లోకి మార్చమని. ఆ రోజు నేనూ హాల్లో వెనక కూర్చున్నాను. మీరంతా అక్కడే నిద్రపోయారు. నాకు ఇంటికెళ్లినా నిద్ర పట్టలేదు!"

"ఎందుకూ, నల్లులా?"

"పిట్టలు!" అన్నాడతను. "మీరు పెట్టిన పేరే బాగుంది. నేనూ ఇకమీదట పిట్ట అనే అంటాను."

అత్తగారు మూతి బిగించింది కానీ పొమ్మనలేదు. అప్పుడే చీకటిపడుతోంది. దోమతెర కట్టి, మట్టి పంది బొమ్మ కడుపులో దోమల పొగ వెలిగించి పెట్టాను. ఆవిడ తెరలోపల విసనకర్రతో కూర్చుంది. కుసాకా మాస్టారు ఆ తెర చూడగానే చంకలు గుద్దుకున్నాడు. మట్టి పందిని రెండు చేతులా ఎత్తి తెరకి ఆనించాడు.

"అమ్మమ్మా, దోమ లోపలికి వస్తుందా?"

"వస్తే తెరెందుకు?"

"పొగ?"

ఆవిడ దగ్గింది. "వస్తోందిగా, కళ్లు లేవా! తీసి అవతల పెట్టు."

"ఇక్కడ తెర ఉందని పొగకి తెలిసిందంటారా?"

అత్తగారి విసనకర్ర ఆగింది. ఆవిడ పొగవైపు చూసింది. తెర ఇవతల ఎలా ఉందో అవతలా అలాగే మెలికలు తిరుగుతూ పోతోంది.

"ఆ పిట్టకి మీ కొండ ఇంత తెర కూడా కాదు," అన్నాడు మాస్టారు. గొంతు తగ్గించి, ఎవరో పక్కగదిలో నిద్రపోతున్నట్టు చెప్పాడు. "సూర్యుడి నడిగర్భంలో పుడుతుంది. పుట్టిన ఎనిమిది నిమిషాలకి ఇక్కడుంటుంది. కప్పులోంచి, మీలోంచి, చాపలోంచి, కొండలోంచి, భూమిలోంచి అవతలికి పోతుంది. ఒకటీ రెండూ కాదు. మీ బొటనవేలి గోరు చూడండి. ఇలా చూసి అలా కన్నార్పే లోపల ఆ గోట్లోంచి వేల కోట్లు పోయాయి."

నేను కూర తరుగుతున్న కత్తి పక్కన పెట్టి గోరు చూసుకున్నాను. అంచున మట్టి. పాత కాలిన మచ్చ. అంతే. నా ఒంట్లో నాకు తెలియకుండా ఒక మహానది పారుతోందన్నమాట. ఒళ్లు జలదరించింది. భయం కాదు. భయమైతే నాకు బాగా పరిచయం, ఇది వేరే.

"రాయిలోంచి ఎట్లా పోతుంది?" అంది అత్తగారు.

"రాయి మనకి గట్టిగా ఉంటుంది కానీ లోపల దాదాపు ఖాళీ అమ్మమ్మా. రాయిని తరుక్కుంటూ, తరుక్కుంటూ పోతే చివరికి మిగిలే అణువు ఉందే, దాన్ని ఈ లోయంత చేశామనుకోండి. దాని నడుమ ఉండే గట్టి గింజ మీ జాడీలో ఊరేసిన ఉమె కాయంత. మిగతా లోయంతా ఖాళీయే!"

అతని ముఖం వెలిగిపోతోంది. అత్తగారు తెర లోపలినుంచి అతన్నే చూస్తోంది.

"అయితే నా కొడుకు మీద పడింది ఖాళీయేనా?"

మట్టి పంది అతని చేతుల్లో అలాగే ఉండిపోయింది. పొగ అతని కళ్లల్లోకి పోతున్నా కదల్లేదు. కాసేపటికి దాన్ని కింద పెట్టి, చాపకి నుదురు ఆనించాడు.

"తప్పుగా చెప్పాను. క్షమించండి. మన ఒంటికీ రాయికీ మధ్య అది ఖాళీ కాదు. అణువుకి అణువు తగలబోతే ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆ తోపుడే మనకి బరువు, దెబ్బ. ఆ పిట్టకి ఆ తోపుడు తగలదు. దానికి మాత్రమే ఖాళీ. మనకి కాదు."

మాస్టారు లేచి, చెప్పులు కుడిది ఎడమకి తొడుక్కుని, పడి ఉన్న సైకిలు ఎత్తుకున్నాడు. ఇక రాడు, నెజుగారికి కోపం వస్తుంది, ఊళ్లో పని పోయిందంటే మమ్మల్నే అంటారు అని నేను లెక్కలు వేసుకుంటుండగా లోపలినుంచి కేక వినబడింది.

"ఒరే అబ్బాయ్! ఎట్లాగూ ఆగని పిట్టని ఎట్లా పడతారో చెప్పకుండానే పోతున్నావేం? రేపు రా."

ఆ మర్నాడు వచ్చాడు. ఆ తర్వాత సెలవులన్నాళ్లూ వస్తూనే ఉన్నాడు. స్నానాల ఇంటి అరుగు మీద, టోఫూ కొట్టు ముందు, ఎక్కడ నలుగురు కనిపిస్తే అక్కడ ఆగేవాడు. మగవాళ్లు అతన్ని పిట్టల మాస్టారు అన్నారు. పిల్లలు వెనకబడి కిచకిచమనేవాళ్లు. అతనూ కిచకిచమనేవాడు. నాకు తన స్కూలు పుస్తకం ఒకటి ఇచ్చాడు. నాది నాలుగో తరగతితో ఆగిన చదువు. తర్వాతదంతా పచారీ పొట్లాల మీద కూడబలుక్కున్నదే. రాని అక్షరాల కింద గోటితో గీత పెట్టుకుని ఒసుమి కూతుర్ని అడిగేదాన్ని. ఒక్క పేజీకి రెండు రోజులు పట్టేది. అయినా ఆ పేజీ అయిపోతుంటే దిగులుగా ఉండేది.

పట్టుకోవడం సంగతి ఏటి దగ్గర చెప్పాడు. ఆ పొద్దున మేం బట్టలు ఉతుకుతున్నాం. మాస్టారు ప్యాంటు మోకాళ్లదాకా మడిచి నీళ్లలోకి దిగాడు. ఒసుమి ఊరుకుంటుందా?

"మాస్టారూ, ఆ కాళ్లు కొంగకి తిరిగిచ్చెయ్యండి, పాపం అది వెతుక్కుంటోంది!"

"ఇచ్చేస్తాను వదినగారూ, ముందు ఆ బాతుని చూడండి."

మడుగులో ఒక బాతు ఉంది. మెల్లగా కదిలినంతసేపూ దాని చుట్టూ గుండ్రంగా అలలు లేచి ముందుకీ వెనక్కీ పోతున్నాయి. మాస్టారు చప్పట్లు కొట్టాడు. బాతు బెదిరి పరుగందుకుంది. వెంటనే దాని వెనక నీళ్లు నాగలికర్రులా రెండుగా చీలి, రెండు పెద్ద అలలు ఒడ్డుదాకా వచ్చి మా బుట్టల్ని కదిలించాయి.

"చూశారా! అలకన్నా బాతు ముందు పోతే చిన్న చిన్న అలలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని పెద్దదవుతుంది. వెలుగు కూడా అంతే. నీళ్లల్లో వెలుగు కొంచెం నిదానిస్తుంది. కోటానుకోట్ల పిట్టల్లో ఏ ఒక్కటో పొరపాటున నీళ్ల అణువులో తిరిగే ఒక నలుసుని ఢీకొంటుంది. దెబ్బతిన్న నలుసు వెలుగుకన్నా ముందు పరిగెడుతుంది. అప్పుడు దాని వెనకా ఇలాంటి అలే లేస్తుంది. నీళ్ల అల కాదు, వెలుగు అల. నీలంగా! చిమ్మచీకట్లో, శుభ్రమైన నీళ్లల్లో, రవ్వంత. ఆ రవ్వని చూడటానికే ఈ తొట్టి."

"రోజుకెన్ని రవ్వలు?" ఆ ప్రశ్న వేసింది నేనే. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"పెద్ద తొట్టి కడితే చేతి వేళ్లన్ని. ఒక్కోరోజు అదీ ఉండదు."

"అంత తొట్టి కట్టి, వేళ్లన్ని రవ్వల కోసం కూర్చుంటారా?" అంది ఒసుమి.

"కూర్చుంటాం. ఇదిగో, మీరు ఆరేస్తున్న ఈ గుడ్డ మీద పడే ఎండ ఎప్పటిదనుకుంటున్నారు?"

"ఇవాల్టిది కాక?"

"సూర్యుడి గర్భంలో పుట్టిన వేడి పైకి రాలేక గుద్దుకుంటూ, గుద్దుకుంటూ పైపొరకి చేరడానికే వేల వేల ఏళ్లు పడుతుంది. మనుషులు గుహల్లో ఉన్నప్పటి ఎండ ఇది. పిట్ట ఒక్కటే ఎక్కడా ఆగకుండా వస్తుంది. సూర్యుడు ఇప్పుడు, ఇవాళ, బతికే ఉన్నాడని చెప్పేది అదొక్కటే!"

అందరం తలెత్తి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎండవైపు చూశాం.

"అదీ సంగతి," అంది ఒసుమి చివరికి. "అంత పాత ఎండ గనకే నా పరుపు గుడ్డలు ఆరి చావట్లేదు."

నవ్వుల్లో బాతు మళ్లీ బెదిరింది. నేను మాత్రం తడి గుడ్డ చేతిలో పట్టుకుని మా ఆయన్ని తలుచుకున్నాను. ఏ కబురైనా అందేసరికి పాతబడి ఉంటుందనే అనుకుంటూ బతికాను. ఎక్కడా ఆగని కబురు ఒకటుందని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

బోన్ పండగ వెళ్లిపోయింది. ఆ ఏడూ అత్తగారు లాంతరు పట్టుకుని సొరంగం దగ్గర నిలబడింది. సెప్టెంబరు మొదట్లో నెజుగారు హాల్లో మళ్లీ అందర్నీ పిలిచారు. మంచివాడే ఆయన. పైవాళ్లు తొందరపెడుతున్నారు. కాంక్రీటు మిషన్లు వచ్చి గుట్ట కింద నిలబడి ఉన్నాయి. ఇంకో నెల ఆగితే తొట్టిని వేరే కొండకి తీసుకుపోతారట. ఆ మాట విన్నాక వరస ఇళ్లవాళ్లు మా ఇద్దరివైపు చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు. ఒసుమి ఒక్కతే వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ రోజు ఆమె కూడా జోకు వెయ్యలేదు.

"తోమెగారూ," అన్నారు నెజుగారు, "మీ మాట కోసమే ఉన్నాం."

అత్తగారు ఆయనవైపు చూడలేదు. గోడవార కూర్చున్న కుసాకా మాస్టార్ని చూసింది.

"అబ్బాయ్. కొండలోంచి వస్తాయన్నావే. వాటికి దారి ఎవరు చెబుతారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు అమ్మమ్మా."

"వంపుల దగ్గర?"

"వంపులు లేవు. సొరంగంలోంచి రావుగా. పుట్టినచోటినుంచి నేరుగా, గీత గీసినట్టు."

ఆవిడ చాప మీద కొంచెం ముందుకు జరిగింది. "చచ్చిపోయినవాళ్లూ అట్లాగే రాగలరా?"

నెజుగారు మాస్టారివైపు వంగి గొణిగారు. నేను దగ్గరే ఉన్నాను గనక విన్నాను. "అవుననండి మాస్టారూ. ఒక్క మాట. ముసలామె మనసు కుదుటపడుతుంది, ఊరు బతుకుతుంది."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ప్యాంటు మోకాళ్ల దగ్గర పిడికిళ్లతో నలుపుతున్నాడు. అవునంటాడనే అనుకున్నాను. అవునంటే బాగుండునని కూడా అనుకున్నాను.

"తెలీదు అమ్మమ్మా," అన్నాడు. "నేను చదివిందాంట్లో మనుషులు లేరు. ఉన్నారని చెబితే, ఇన్నాళ్లూ నేను చెప్పిందంతా కూడా మీరు నమ్మకూడదు."

నెజుగారు కళ్లు మూసుకున్నారు. వెనక ఎవరో నిట్టూర్చారు. అత్తగారు మాత్రం తల ఊపింది, కూర రుచి చూసి ఉప్పు సరిపోయిందన్నట్టు.

"బాగుంది. మనిషి సంగతి నీకు తెలీదు. అది నేను చూసుకుంటా. దారి సంగతి నీకు తెలుసు. అది చెప్పు. మావాడున్నచోటునుంచి మా ఇంటికి అవి వస్తాయా, రావా?"

మాస్టారు ఒక్క గంతులో లేచాడు. "నెజుగారూ, మ్యాపు! గని మ్యాపు ఉందా? లోయ మ్యాపు కూడా!"

హాలు మధ్య చాప మీద రెండూ పరిచారు. మాస్టారు వాటి మీద బోర్లా పడుకున్నాడు. కప్పు కూలినచోట ఒసుమి తలలోని పిన్ను తీసి పెట్టాడు. మా ఇంటి దగ్గర ఎవరిదో చొక్కా గుండీ. దిక్సూచి జరిపాడు, స్కేలు జరిపాడు, ఎత్తులు చూశాడు, తనలో తను గొణుక్కున్నాడు. గని మనుషులంతా చుట్టూ గొంతుక్కూర్చున్నారు. మ్యాపుల సంగతి వాళ్లకి కొట్టినపిండి.

"పడమర," అన్నాడు మాస్టారు. "మీ ఇంటికి ఆయన సరిగ్గా పడమర. ఇంచుమించు అదే ఎత్తు. అంటే సూర్యుడు సరిగ్గా పడమటన దిగే రోజు, దిగే వేళకి, సూర్యుడూ, ఆయనా, మీ ఇల్లూ..." అతను స్కేలుని పిన్నుకీ గుండీకీ ఆనించాడు. "అన్నీ ఒక్క గీత మీద ఉంటాయి. ఆయనలోంచి వచ్చినవే మీలోంచి పోతాయి. అలాంటి రోజు ఏడాదికి రెండుసార్లే. పగలూ రాత్రీ సమానమైన రోజు."

"హిగాన్," అన్నారు ఎవరో. అందరూ ఆ మాటే అన్నారు, గుడిలో అన్నట్టు మెల్లగా. హిగాన్ అంటే ఆవలి ఒడ్డు. ఆ వారంలోనే మేం పడమటికి తిరిగి పోయినవాళ్లకి దణ్ణం పెట్టుకుంటాం. ఎందుకు పడమర, ఎందుకా వారం అని మాలో ఎవరమూ ఎప్పుడూ అడగలేదు.

హిగాన్ నడిమి రోజు ఆకాశం తేటగా ఉంది. మా లోయలో మధ్యాహ్నం దాటగానే సూర్యుడు కొండ వెనక్కి పోతాడు. సాయంత్రానికి మా వరండా అంతా నీడ. కొండ నల్లగా, గోడలా ఎదురుగా నిలబడి ఉంది. రమ్మని ఎవర్నీ పిలవలేదు కానీ వరస ఇళ్లవాళ్లంతా వచ్చారు. దారి పొడుగునా నిలబడ్డారు. అత్తగారు నల్ల కిమోనో కట్టుకుని వరండా అంచున మోకాళ్ల మీద కూర్చుంది. నేను ఆవిడ వెనక. నెజుగారు టోపీ తీసి కంచె దగ్గర ఉన్నారు.

మాస్టారు గడియారమూ, కొండా మార్చి మార్చి చూస్తున్నాడు. "సూర్యుడు కొండ వెనక ఇంకా దిగుతున్నాడు," అన్నాడు. "మనకి కనబడడు. పిట్టలకి కొండ అడ్డం కాదు." ఇంకాసేపు ఆగి, "అమ్మమ్మా, ఇప్పుడు," అన్నాడు.

అత్తగారు రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంది. ఆ చిన్న ఒంట్లోంచి అంత గొంతు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

"యసూ! ఎడమ లేదురా, కుడి లేదు! వంపులు లేవు! నేరుగా రా! పైకి పోతున్నాం, రా!"

కొండ ఆ కేకని తిరిగి ఇచ్చింది. దారిమీద నిలబడ్డ గనివాళ్లు ఒక్కొక్కరే అందుకున్నారు. "పైకి పోతున్నాం, రా!" ఆయన జట్టువాళ్లు, ఆయన్ని చూడని కుర్రాళ్లు, ఒసుమి మొగుడు. నేను ఆయన్ని ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. ఏమండీ అనేదాన్ని. ఆ సాయంత్రం పేరే పిలిచాను. ఎన్నిసార్లో తెలియదు.

కేకలు ఆగాక ఏరు వినబడుతోంది. నా అరచేతులు ఒళ్లో విప్పి పెట్టుకుని చూశాను. ఏమీ తెలియలేదు. ఏమీ తెలియదని మాస్టారు ముందే చెప్పాడు. వేల కోట్లు ఆ రాతిలోంచి, ఆయనలోంచి, ఈ చేతుల్లోంచి. నా ఊపిరి నాకే పెద్ద చప్పుడులా అనిపించి బిగబట్టాను.

"వచ్చాయా?" అంది అత్తగారు.

"వచ్చాయి. ఇంకా వస్తున్నాయి. మీలోంచి, కినుయో అక్కలోంచి, ఈ స్తంభంలోంచి."

"ఇక్కడ ఆగవా?"

మాస్టారు తల అడ్డంగా ఊపాడు. "ఆగవు అమ్మమ్మా. ఇల్లు దాటి, ఏరు దాటి, అదిగో ఆ తూర్పు కొండలోంచి..."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఆకాశమే. ఇక అడ్డం లేదు."

అత్తగారు ఏడుస్తుందేమోనని నేను ముందుకు జరిగాను.

"ఇంతదూరం వచ్చి, గుక్కెడు టీ అయినా తాగకుండా పోయాడా!" అంది. "పసివాడప్పట్నుంచీ అంతే. కాలు నిలవదు వాడికి."

స్తంభం పట్టుకుని లేచింది. నేను చెయ్యందిస్తే అందుకుంది. ఇద్దరం ఇల్లు చుట్టి పెరటివైపు నడిచాం. వెనకే అందరూ వచ్చారు. లోయంతా నీడలో ఉంది కానీ తూర్పు కొండ కొన మీద, దేవదారు చెట్ల తలల మీద, కొంచెం ఎండ ఇంకా ఎర్రగా ఉంది. అత్తగారు దానికి ఎదురుగా నిలబడి నడుం వంచింది. రైలెక్కించి వచ్చేవాళ్లు బండి మలుపు తిరిగేదాకా వంచి ఉంచుతారే, అలాగ.

చాలాసేపటికి నిటారుగా నిలబడి, ఎవరివైపూ చూడకుండా అంది.

"నెజుగారూ. రేపట్నుంచి కాంక్రీటు పోసుకోండి."

నెజుగారు రెండడుగులు ముందుకొచ్చారు. "తోమెగారూ, మీరు నిజంగా..."

"పోసుకోండి బాబూ," అంది అత్తగారు. "లోపల ఎవరూ లేరు."